పర్ణశాలకు చోటు

శ్రీమద్రామాయణమును నిత్యపారాయణము చేయు గృహములలో అరణ్యకాండము పదునైదవ సర్గ చాల త్వరగా గడచిపోవును. అందు యుద్ధము లేదు, శాపము లేదు. శ్రీరాముడు పంచవటికి వచ్చును. ఒక చోటు చూచును. లక్ష్మణుడు పర్ణశాల కట్టును. ముగ్గురును అచట సుఖముగా నుందురు. అంతియే. మరికొంత దూరము పోయినచో శూర్పణఖ వచ్చును గనుక శ్రోతల మనస్సు ముందుగానే అటు పరుగిడును. ఉపన్యాసము చెప్పు నేనును అనేక సంవత్సరములు ఈ సర్గను పది నిమిషములలో దాటించితిని. అట్లు దాటించుట తప్పని నాకు తెలిసినది చల్లపల్లిలో.

ఒక యేడు ధనుర్మాసమున తిరుప్పావై చెప్పుటకు చల్లపల్లి వెళ్ళితిని. ఆ ఊరు దివిసీమకు వాకిలి వంటిది. బందరు నుండి వచ్చినవారు చల్లపల్లి, మోపిదేవి దాటి, పులిగడ్డ అక్విడక్టు మీదుగా అవనిగడ్డకును, అచట నుండి నాగాయలంక, కోడూరులకును పోవుదురు. సమీపముననే శ్రీకాకుళమున ఆంధ్రమహావిష్ణువు వేంచేసియున్నాడు. కళింగ దండయాత్రకు పోవుచు అచట ఆగిన శ్రీకృష్ణదేవరాయలకు స్వప్నమున దర్శనమిచ్చి, ఆముక్తమాల్యదను తెలుగున వ్రాయుమని ఆజ్ఞాపించినది ఆ స్వామియే. ఆ కావ్యమునకు ప్రాణము గోదాదేవి కథ. అందుచేత ఆ సీమలో తిరుప్పావై చెప్పుట యన్న నాకు ప్రత్యేకమైన ప్రీతి.

ఒకనాటి సాయంకాలము ఉపన్యాసము ముగిసి, ప్రసాద వినియోగమైన పిమ్మట నలుగురు యువకులు నా యొద్దకు వచ్చి సాష్టాంగపడిరి. దివిసీమ లోపలి గ్రామములవారు; చదువుకొన్నవారు; ఇద్దరు హైదరాబాదులో ఉద్యోగములు చేయుచున్నవారు. పదకొండు కుటుంబములు కలిసి ఒక సంకల్పము చేసికొన్నవట. పట్టణ జీవితమునకు నమస్కరించి, ఎవరును లేని చోట భూమి కొని, గోవులను పెంచుకొని, తమ తిండి తామే పండించుకొని, తమ బిడ్డలకు తామే చదువు చెప్పుకొని, నడుమ వేణుగోపాలునకు చిన్న ఆలయము కట్టుకొని బ్రతుకవలెనని వారి కోరిక. ఉప్పు, అగ్గిపెట్టె తప్ప బయటి నుండి ఏమియు కొనము అని ఒకడు ఉత్సాహముగా చెప్పెను. సముద్రపుటొడ్డున ఉప్పుకు మాత్రమేమి కొదువ అని నేను నవ్వితిని. భూమి కూడ చూచిరట. కోడూరునకు ఆవల, మడ అడవుల అంచున, చాల చౌకగా వచ్చుచున్నదట. బయానా ఇచ్చుటకు ముహూర్తము పెట్టుమని అడుగుటకే వచ్చిరి.

“నాయనలారా, ముహూర్తము కాలమునకు సంబంధించినది. స్థలమును గూర్చి మీరు నన్నేమియు అడుగలేదే?” అంటిని.

వారిలో పెద్దవాడు వినయముగనే, కాని తడబాటు లేకుండ ఇట్లనెను: “స్వామీ, గోదాదేవి విల్లిపుత్తూరునే వ్రేపల్లెగా భావించిందని ఇందాకనేగా మీరు చెప్పారు. భావం ఉంటే ఏ నేలయినా వ్రేపల్లే గదండీ?”

నా మాటయే నాకు అడ్డము వచ్చినది. వేదిక మీద చెప్పునపుడు ఎంతో సొంపుగా నుండిన వాక్యము, పదకొండు కుటుంబములు తమ కూడబెట్టిన ధనమును, బిడ్డలను దాని మీద నిలుపుదుమని వచ్చినపుడు ఎంత బరువైనదో అప్పుడు తెలిసినది. గోదాదేవి వ్రేపల్లెగా భావించినది బావులు, వీధులు, కోవెల, తండ్రి పెరియాళ్వారు స్వయముగా పెంచిన తులసీవనము గల ఊరిని. ఆ తల్లి భావన వలన ఆ ఊరు వ్రేపల్లె అయినది. నీరు లేనిచోట నీరు పుట్టలేదు. ఇంతమాత్రము వారితో చెప్పి, అసలు వ్రేపల్లెవారు ఊరు మారినపుడేమి చేసిరో చూడుడని భాగవతము తెఱచితిని.

దశమస్కంధమున పూతన, శకటాసురుడు, తృణావర్తుడు వచ్చిపోయిన పిదప, మద్దిచెట్లు కూలిన పిదప, గోకులమున పెద్దలందరు కూడి ఆలోచించిరి. ఉపనందుడను వృద్ధుడు లేచెను. వయస్సునను జ్ఞానమునను పెద్దవాడు, దేశకాలముల తత్త్వమెరిగినవాడు అని ఆయనను వర్ణించియున్నారు. ఆయన ఇచట ఉత్పాతములు కలుగుచున్నవి, పోదము అని మాత్రమే చెప్పి కూర్చుండలేదు. ఎచటికి, ఎందుకు అనునది కూడ చెప్పెను. బృందావనమను వనము కలదు. పశువులకు మేత కలదు, క్రొత్త పొదలు కలవు. పుణ్యమైన కొండ, గడ్డి, తీగలు కలవు. గోపులకు, గోపికలకు, గోవులకు మువ్వురకును తగినది అని. ఆయన వరుసలో గోవులున్నవని మా యువకులు గమనించిరి, సంతోషించితిని. అంతట గోపులు ముసలివారిని, పసివారిని, స్త్రీలను, సామానులను బండ్ల మీద ఎక్కించి, గోవులను ముందు నడిపించి, కొమ్ములూదుచు బయలుదేరిరి. బృందావనము చేరి బండ్లను అర్ధచంద్రాకారముగా నిలిపి విడిసిరి. అన్ని కాలములయందును సుఖమిచ్చు చోటని శుకమహర్షి మాట. ‘అన్ని కాలములయందు’ అనునది చిన్న విశేషణము కాదు. మా యువకులు ఆ భూమిని చూచినది ఒక్క పుష్యమాసపు ఉదయమున.

హరివంశము ఇంకొక కారణము చెప్పుచున్నది. పాతచోట గడ్డి అయిపోయినది, కట్టెలు అయిపోయినవి, చెట్లను గోపులే కొట్టివేసిరి, దట్టముగా నుండిన అడవి ఆకాశమువలె బయలైపోయినదని శ్రీకృష్ణుడే బలరామునితో అనును. అనగా వ్రేపల్లెవారు రాక్షస బాధకు మాత్రమే కాదు, తాము ఆ వనమును వాడుకొన్న తీరువలన కూడ పోవలసి వచ్చినది. భగవంతుడు తమ నడుమ తిరుగాడుచుండగనే నరికిన చెట్టు నరికినట్లే యుండెను. ఈ ఘట్టమును ఉపన్యాసములలో ఎందుకో మేము తరచుగా చెప్పము.

ఒక ఊరు ఊరంతయు బండ్లెక్కి పోయి ఆరుబయట నివసించుట పురాణములలోని మాట మాత్రమే కాదు. మన తీరముననే, శతాబ్దము క్రిందట జరిగినది. 1919లో చీరాల, పేరాల గ్రామములను కలిపి పురపాలక సంఘముగా చేసిరి. పూర్వము ఏటికి నాలుగు వేల రూపాయలుండిన పన్ను నలుబది వేలైనది. నేత మీద బ్రతుకు బీదలు ఎందరో గల ఊరు అది. అప్పుడు వారికి నాయకుడుగా నిలిచినవాడు ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు. 1889లో కృష్ణాజిల్లా పెనుగంచిప్రోలులో జన్మించి, ఎడింబరో విశ్వవిద్యాలయమున చదివి, బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలలో బోధించిన విద్వాంసుడు. అంతకు మించి రామభక్తుడు. తన సేవకదళమునకు ‘రామదండు’ అని పేరు పెట్టుకొన్నాడు. 1921 ఏప్రిలులో గాంధీమహాత్ముడు చీరాల వచ్చి, అహింసతో పన్ను నిరాకరించుట యొకటి, ఊరు విడిచిపోవుట యొకటి అని రెండు మార్గములు చెప్పగా, వారు రెండవదానిని ఎన్నుకొనిరి. సుమారు పదునైదు వేల జనములో పదమూడు వేలకు పైగా పురపాలక సంఘపు హద్దు దాటి, పాకలు వేసికొని, దానికి రామనగరమని పేరు పెట్టుకొని ఇంచుమించు పదకొండు నెలలు నివసించిరి. ఎండకు ఓర్చిరి, వానకు ఓర్చిరి. గోపాలకృష్ణయ్యగారిని చెరసాలకు పంపిరి. తుదకు జనము తిరిగి ఇండ్లకు పోవలసి వచ్చినది.

ఆ త్యాగమును నేను చేతులు జోడించి స్మరింతును. అయినను ఒక భేదమును ఆ యువకులకు చూపక తప్పలేదు. రామనగరమునకు చోటు నెంచినది హద్దును చూచి. పన్ను చెల్లనక్కరలేని గీత ఎచట ముగియునో దానికి ఆవల. ధర్మపోరాటమునకు అది సరియైన ఎంపికయే. తరతరములు ఉండుటకు ఎంచిన చోటు కాదది. ఉపనందుడు పోబోవుదానిని చూచి చోటు నెంచెను. చీరాలవారు విడిచినదానిని చూచి ఎంచిరి. “మీరు హైదరాబాదును చూచి ఎంచినారా, ఆ నేలను చూచి ఎంచినారా?” అని అడిగితిని. వారు మారు పలుకలేదు. అందులో ఒకనికి కొంచెము కోపము కూడ వచ్చినదని నా అనుమానము. రేపు ఉదయము ఆ భూమికి నన్ను తీసికొనిపొమ్మని చెప్పి పంపితిని.

ఆ రాత్రి నిద్ర పట్టక రామాయణము తీసితిని. పదునైదవ సర్గను ఆ రాత్రియే నిజముగా చదివితినని చెప్పవలెను.

పంచవటిని శ్రీరాముడు తనంతట తాను కనుగొనలేదు. అగస్త్యమహర్షిని అడిగెను. ఆయన ఒక్క క్షణము ధ్యానించి, ఇచటికి రెండు యోజనముల దూరమున కందమూలములు, నీరు, మృగములు సమృద్ధిగా గల పంచవటి యున్నది, గోదావరి సమీపము, సీత సంతోషించును అని చెప్పెను. అంతకుముందు చిత్రకూటమును చెప్పినది భరద్వాజుడు. ఆ చిత్రకూటమును ఎందుకు విడిచిరో కూడ వాల్మీకి దాచలేదు. అన్న కోసము భరతుడు వచ్చి కంటనీరు పెట్టుకొన్న చోటు గనుక ఆ తలపు బాధించుచుండెను. అంతే కాదు, భరతుని సేన విడిసినపుడు ఏనుగుల, గుఱ్ఱముల పేడచే ఆ నేల మిక్కిలి పాడైపోయినది. వచ్చినది ఎంత ప్రేమ గల సేనయైనను నేల ఓర్వగలిగినంతయే ఓర్చును.

పంచవటి చేరిన పిమ్మట శ్రీరాముడు తమ్మునితో అనును: నీవు నేర్పరివి, నాలుగు దిక్కులు చూడుము, నీరు దగ్గరగా నుండవలెను, సమిధలు, పూలు, దర్భలు అందుబాటులో నుండవలెను, సీతయు నీవును నేనును ఆనందింపదగిన చోటు చూడుము. ఇందు తప్పు పట్టవలసినదేమున్నది? కాని లక్ష్మణుడు సీతాదేవి యెదుట చేతులు జోడించి నిలిచి, స్వామీ, నీవు నూరేండ్లున్నను నేను పరతంత్రుడనే. నీకు నచ్చిన చోట నిలిచి ‘ఇచట కట్టుము’ అని నన్నాజ్ఞాపింపుము అనెను. మన పూర్వాచార్యులు ఈ మాట వద్ద కన్నులు చెమర్చుదురు. ‘నీకును’ అని తనను వేరుగా లెక్కించినందుకు, నీవే ఎంచుమని తనకు స్వాతంత్ర్యము ఇచ్చినందుకు లక్ష్మణుడు నొచ్చుకొనెనని వారి హృదయము. శేషత్వమునకు ఇంతకంటె స్పష్టమైన స్థలము రామాయణమున అరుదు.

శ్రీరాముడు పరమప్రీతుడై, తానే చోటు నిశ్చయించి, లక్ష్మణుని చేతిని తన చేత పట్టుకొని చూపెను. సమమైన నేల, చుట్టును పూచిన చెట్లు, దగ్గర తామరకొలను, గోదావరి మరీ దూరమును కాదు, మరీ దగ్గరయు కాదు. నెమళ్ళు కూయు కొండలు. దీని తరువాత వచ్చు మాటను నేను ఎన్నడును ఆగి చదువలేదు. ‘ఈ పక్షితో కూడ మనమిచట వసింతము’ అనును శ్రీరాముడు.

ఈ పక్షి యనగా జటాయువు. దారిలో కనబడినపుడు, ఈతడెవడో రాక్షసుడని అన్నదమ్ములు శంకించి, నీవెవడవని అడిగిరి. ఆ అడవి ఆయనది, వీరు క్రొత్తవారు. ఐనను ఆయన నొచ్చుకొనక, తాను దశరథుని మిత్రుడనని మధురముగా చెప్పి, ఇది మృగములు, రాక్షసులు తిరుగు దుర్గమమైన అడవి, మీరిద్దరును బయటికి పోయినపుడు సీతను నేను కనిపెట్టియుందునని మాట ఇచ్చెను. ఆ మాటకు ఏమి చెల్లించెనో మనకందరకు తెలియును. పర్ణశాలకు చోటు ఎంచుకొన్న రోజున శ్రీరాముడు నీటితో పాటు, నేలతో పాటు, ఆ పక్షిని కూడ లెక్కలోనికి తీసికొనెను.

భగవద్రామానుజుల చరిత్రమున కూడ ఇట్టిదే కలదు. చోళరాజు బాధకు శ్రీరంగము విడిచి, అడవుల వెంట శిష్యులతో అలసిపోయి నడచుచున్నపుడు వారికి తేనెయు ధాన్యపు పిండియు పెట్టి, చలి కాచుకొనుటకు నిప్పు వేసినవారు ఆ కొండ బోయలని గురుపరంపర చెప్పుచున్నది. పిదప తిరునారాయణపురమున పన్నెండు సంవత్సరములుండి ఆలయమును, సంప్రదాయమును నిలిపిరి. చెల్వపిళ్ళైని తిరిగి తెచ్చుటలో తోడుపడిన అంత్యజులకు తిరుక్కులత్తారని పేరిచ్చి ఆలయప్రవేశమును కల్పించిరి. అడవిలో క్రొత్త ఊరు పెట్టినవారికి మొదటి అన్నము ఎవరు పెట్టిరో మరవని ఆచార్యుడాయన.

మరునాడు ఉదయమున బయలుదేరితిమి. కాలువ శివారు దాటినకొద్ది పొలములు తరిగి, చవుడు తేలిన బీళ్ళు, సరుగుడు తోటలు, రొయ్యల చెరువులు వచ్చినవి. దూరమున నల్లని గీతవలె మడ అడవి. అటు కృష్ణమ్మ సాగరసంగమము, హంసలదీవి వేణుగోపాలస్వామి సన్నిధి. అందమైన చోటు, అబద్ధమాడను. ఆ యువకులు ఎందుకు మోహపడిరో చూడగనే తెలిసినది. తుమ్మచెట్లను, పొదలను తగులబెట్టి చదును చేసినచో పదిరోజులలో పాకలు వేసికొనవచ్చునని ఒకడు చూపెను.

ఖాండవవనము గుర్తునకు వచ్చినది. ఇంద్రప్రస్థమున పాండవులు కుదురుకొనుచున్న నాళ్ళలోనే కదా అది దగ్ధమైనది. శ్రీకృష్ణుడు ప్రక్కననే యుండెను గదా యని అడుగువారికి నేను సమాధానము చెప్పగలవాడను కాను. అగ్నిదేవుడు యాచించినాడు, అది దేవకార్యము. కాని తక్షకుని భార్య ఆ మంటలనుండి బిడ్డను తప్పించబోయి మరణించినదనియు, ఆ నాగుబిడ్డ అశ్వసేనుడు అర్జునునిపై పగబట్టి కర్ణుని బాణమెక్కి వచ్చినాడనియు వ్యాసులవారు విడువక వ్రాసిరి. మనకు దేవకార్యమను నెపము కూడ లేదు. కాళియునంతటి వానిని శ్రీకృష్ణుడు చంపక, మడుగు విడిచి తన రమణకద్వీపమునకు పొమ్మని దారి చూపెను.

మన ఆగమములలో ఆలయమునకు భూమి నెంచు విధి విపులముగా కలదు. గోతి త్రవ్వి ఆ మన్నునే తిరిగి పోసి చూతురు. మన్ను మిగిలినచో ఉత్తమము, సరిపోయినచో మధ్యమము, చాలనిచో వర్జ్యము. నీరు పోసి ఎంతసేపు నిలుచునో చూతురు. పిదప కర్షణము: ఎద్దులతో దున్ని, ధాన్యములు చల్లి, పెరిగిన పైరును గోవులచే మేపింతురు. అంతకుముందే, ఇచట నివసించు భూతములారా, దయచేసి వేరొక చోటికి తరలుడని ప్రార్థించి బలి సమర్పింతురు. దేవునికి ఇల్లు కట్టునపుడు కూడ ఒక పంటకాలము ఆగి, ముందున్నవారిని వేడుకొనుమనియే శాస్త్రము. వాస్తు పేరున నేడు ద్వారముల దిక్కులు మాత్రమే మిగిలినవి. ఆగుట, అడుగుట పోయినవి.

మేము గోతి త్రవ్వితిమి. మూరెడు లోతుననే నీరు వచ్చినది. యువకులు పొంగిపోయిరి. నోట పోసికొన్నవాడు ఉమ్మివేసెను.

అప్పుడు మేకలను తోలుకొని ఒక వృద్ధురాలు అటు వచ్చి, మా వాలకము చూచి నిలిచినది. ఆమె పేరు నేను వ్రాయను. ఆమె చెప్పినది మాత్రము ఆమె మాటలలోనే వ్రాసెదను.

“అక్కడ తవ్వితే ఉప్పే బాబూ. తియ్యనీళ్ళు ఆ ఇసకదిబ్బ మీద ఉంటాయి. అదీ లోతుకెళ్ళకూడదు. పైపైన చెలమ తీసుకుని, ఊరినకాడికి తోడుకోవాలి. ఆశపడి లోతు తీశారా, మళ్ళీ ఉప్పే.”

ఇది వాన నీరు ఇసుకలో నిలిచి, బరువైన ఉప్పునీటి మీద తేలియుండుట వలన జరుగునని నేను తరువాత చదివి తెలిసికొంటిని. ఆమెకు పుస్తకము అక్కరలేకపోయినది. ఈ చెక్క ఇంత చౌకగా ఎందుకు వచ్చుచున్నదో తెలియునా అమ్మా అని అడిగితిని. ఆమె కొంతసేపు పలుకక, ఎదురుగా నున్న తాటిచెట్టును చూపినది.

“ఉప్పెనకి ఆ నడుం దాకా నీళ్ళు. నేను తుమ్మచెట్టు పట్టుకుని ఉన్నా. ముళ్ళు దిగినయ్యని కూడా తెలియలా. తెల్లారి చూస్తే మావాళ్ళెవరూ లేరు.”

ఉప్పెన యనగా దివిసీమలో ఒక్కటే. 1977 నవంబరు 19, కార్తీకమాసము, శనివారము. దాదాపు మూడు నిలువుల ఎత్తున సముద్రము లేచి వచ్చి, పాలకాయతిప్ప, సొర్లగొంది వంటి గ్రామములను తుడిచివేసినది. వేలకు వేలు పోయిరి. పదివేలకు తక్కువ కాదని లెక్కలు. అంతకు పూర్వము 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరు పట్టణమున ముప్పదివేల మంది వరకు ఇట్లే జలసమాధి యైరి. ఈ నేలను సముద్రము నూరేండ్లకొకమారు తిరిగి అడుగుచున్నది. ‘గోదావరి మరీ దగ్గర కాదు’ అని శ్రీరాముడు మెచ్చుకొన్న గుణము నాకు ఆ తాటిచెట్టు క్రింద బోధపడినది. నది దగ్గర లేకున్న బ్రతుకలేము, మరీ దగ్గరైన బ్రతుకనీయదు.

పెద్దవాడు మెల్లగా, “అవ్వా, మరి మీవాళ్ళు ఎక్కడ ఊరు పెట్టుకున్నారు?” అని అడిగెను. ముహూర్తము కోరి వచ్చిన నాటి నుండి ఆ భూమిని గూర్చి ఆ నేల మీది మనిషిని అతడు అడిగిన మొదటి ప్రశ్న అది. ఆమె లోపలివైపు, కాలువ గట్టు దిక్కుగా చేయి చూపి, అచట మెరక కలదనియు, కరకట్టకు లోపలనున్నదనియు, వరి పండుననియు, కోతకు ముందు చల్లిన మినుములు మంచుకే పండుననియు చెప్పినది. ఇచటి బీడులో ఎండకాలమున తన మేకలు, తక్కినవారి గొడ్లు మేయుననియు, మడ కాలువలలో పీతలు పట్టుకొని బ్రతుకు యానాది కుటుంబములు ఈ దారిననే పోవుననియు చెప్పినది. ఎవరును లేని చోటని వారు నాతో చెప్పిన భూమి ఇది.

తిరుగుదారిలో ఎవరును మాటాడలేదు. కోపము వచ్చిన యువకుడు మాత్రము చల్లపల్లి చేరునపుడు, “మా సంకల్పమే తప్పంటారా స్వామీ?” అని అడిగెను. కాదంటిని. గోవులను పెంచుకొని, తమ అన్నము తాము పండించుకొని, పెరుమాళ్ళ సన్నిధిని బ్రతుకుదుమనుట తప్పెట్లగును? వ్రేపల్లెవారు బ్రతికినది అట్లే. పట్టణములు, దేశములు మావి కావు, మేము వనమును కొండను నమ్ముకొన్నవారము అని శ్రీకృష్ణుడే నందునితో అని, గోవర్ధనపూజ చేయించెను. ఆ కొండ వారికి గడ్డినిచ్చినది గనుక పూజ; రేపు గడ్డి నిచ్చుటకు అది మిగిలియుండవలెను గనుక కూడ పూజయని నా అభిప్రాయము. వ్యాఖ్యాతలు ఇట్లు చెప్పిరో లేదో నేను వెదుకలేదు.

బయానా ఇయ్యలేదు. ఆ సంవత్సరమంతయు వారు సెలవు దొరకినపుడెల్ల వచ్చి, వృద్ధురాలు చూపిన మెరకను ఎండలో చూచిరి, శ్రావణమున వానలో చూచిరి, కార్తీకమున గాలివానకు భయపడు దినములలో చూచిరి. పదకొండు కుటుంబములలో నాలుగు వెనుకకు తగ్గినవి. ఆ మెరక ఖరీదు ఎక్కువ గనుక, కొనదలచినదానిలో సగమే వారికి అందినది. ఆలయమునకు ఉద్దేశించిన సొమ్ము చాల భాగము భూమికే పోయినది. వేణుగోపాలుడు ప్రస్తుతము తాటాకు పందిరి క్రింద, పటముగా వేంచేసియున్నాడు.

మరుసటి ధనుర్మాసమునకు నేను మరల వెళ్ళినపుడు, పర్ణశాల వంటి మొదటి పాకకు చోటు చూపుమని నన్ను తీసికొనిపోయిరి. నేను చూపనంటిని. లక్ష్మణుడు చెప్పిన మాటను స్వామి సన్నిధిని మీరు చెప్పుకొనుడు, ఆ పైన ఈ నేల తెలిసినవారిని అడుగుడు అని చెప్పితిని. అప్పటికే ఆ వృద్ధురాలిని పిలిపించియుంచిరి. ఆమె అటునిటు నడచి, వాననీరు ఎటు పారునో చూపి, పాక ఇచట వేయుడు, చూరు అటు వంచుడు అని చెప్పినది. ఇంటికి పోబోవుచు వెనుకకు తిరిగి, “నా మేకలు పోయే డొంక మటుకు మూయమాకండి బాబూ” అన్నది.

కోపము వచ్చిన ఆ యువకుడే త్రాడు తెచ్చి, డొంక వెడల్పు కొలిచి, రెండు ప్రక్కల గుంజలు పాతెను.